సారథి నెన్నుకొనుట

గ్రామపెద్దలారా! పట్టణములలో నుద్యోగములు చేయుచున్న మన పిల్లలను గుఱించి యీ నడుమ నొక మాట తఱచుగా వినవచ్చుచున్నది. "మావాడు పదేండ్లుగా నొకే కుర్చీలో గూర్చున్నాడు. జీతము నిలిచినచోటనే నిలిచినది. ఇప్పుడు దారి చూపుట కెవరో కోచ్ అట. వేలకొలది రూపాయలిచ్చి ఆయనతో మాటలాడి వచ్చుచున్నాడు. చదువు ముగిసినవానికి మరల గురువేమి?" అని నన్నడిగిన తండ్రులు కలరు. కొందఱు దీనిని ధననష్టముగా నెంచుచున్నారు. కొందఱు తమ పెంపకమునకే లోపముగా దలచి నొచ్చుకొనుచున్నారు. ఈ రెండును నాకు సరిగా దోపలేదు.

కోచ్ అను మాట పుట్టుక వినదగినది. హంగేరీ దేశమున కోచ్ అను గ్రామము కలదు. 15వ శతాబ్దమునుండి అచ్చటి గుఱ్ఱపుబండ్లు ఐరోపాయందు ప్రసిద్ధికెక్కి, ఆ యూరిపేరే బండికి పేరయ్యెను. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమ్ము పరీక్ష దాటించు నుపాధ్యాయుని వేడుకగా నా పేరుతోనే పిలువసాగిరి. బండివలె నితడు మనలను గమ్యము చేర్చునని భావము. మనవారు బండినిగాక బండి తోలువానిని తలచిరి. అర్జునుడు విల్లు జాఱవిడిచి రథముపై గూలబడినది విలువిద్య రాక కాదు. అట్టివేళ కృష్ణుడు విల్లు తాను పుచ్చుకొనలేదు. మందలించెను, విడమఱిచి చెప్పెను, తుదకు బాగుగా నాలోచించి నీ యిచ్చవచ్చినట్లు చేయుమనెను. నేటి కోచ్ చేయవలసిన పనియు నింతే.

కర్ణునకును సారథి దొరకెను. అశ్వవిద్యలో శల్యుడు కృష్ణునకు దీసిపోడని కర్ణుడే కోరి తెప్పించుకొనెను. కాని కర్ణుని నిరుత్సాహపఱచెదనని శల్యుడు ధర్మరాజునకు ముందే మాట యిచ్చియుండెను. రథమెక్కినది మొదలు హంసకాకముల కథవంటివి చెప్పి యెత్తిపొడుచుచునే యుండెను. సామర్థ్యము చూచి మనసు చూడనందున వచ్చిన చేటిది.

ఇక మన కాలపు సంగతి. బాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ పేరు మీరు వినియుందురు. ఆమె హర్యానాలో బుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులతో హైదరాబాదు చేరి, ఇచ్చటనే ఆట నేర్చెను. పుల్లెల గోపీచంద్ గారి శిక్షణలో 2012 లండన్ ఒలింపిక్ క్రీడలందు కాంస్యపతకము గెలిచెను. గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచినవారు. 2009లో ద్రోణాచార్య పురస్కారమందినవారు. అంతటి గురువుండగా, 2013లో ఆమెకు పెద్ద విజయములు రాలేదు. ఆట మానుకొందునా యని కూడ దలచినట్లు ఆమెయే పిమ్మట జెప్పెను. 2014 సెప్టెంబరులో బెంగుళూరునకు బోయి విమల్ కుమార్ గారి నాశ్రయించెను. నవంబరులో చైనా ఓపెన్ గెలిచెను. 2015లో ఆల్ ఇంగ్లండ్ తుదిపోటీ చేరెను. ఆ యేప్రిల్ నాటికి ప్రపంచమున ప్రథమస్థానమందెను. మన దేశపు స్త్రీలలో నా స్థానమందిన మొదటి యామె ఆమెయే. 2017 సెప్టెంబరులో మరల గోపీచంద్ గారికడకు వచ్చెను. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌నందు, తుదిపోటీలో మన పి.వి. సింధునే యోడించి, కామన్వెల్త్ క్రీడల స్వర్ణపతకము గెలిచెను.

గురువును విడిచినదని నాడు దూఱినవారు కలరు. నేనట్లనను. ఎదుగునపుడు కావలసిన గురువు వేఱు, నిలిచిపోయినపుడు కావలసిన గురువు వేఱు కావచ్చును. భాగవతము నేకాదశస్కంధమున అవధూత తనకు గురువులిరువదినలుగురని లెక్కచెప్పెను. వారిలో పావురమును కొండచిలువయు గూడ గలవు. వెళ్లిన శిష్యురాలిని మరల జేర్చుకొనిన గురువు పెద్దఱికము నాకు మిక్కిలి నచ్చినది.

ఆటలో శిక్షకుని శక్తి గెలుపోటములవలన గొంత తెలియును. ఉద్యోగములలో నట్లు తెలియదు. మన దేశమున నెవ్వడైనను తాను కోచ్‌నని పలక వ్రాసి తగిలించుకొనవచ్చును. వలదను చట్టము లేదు. 1995లో అమెరికాలో బుట్టిన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య మాత్రము మూడు తరగతుల యోగ్యతాపత్రముల నిచ్చుచున్నది. మొదటిదానికి 100 గంటలు, రెండవదానికి 500, మూడవదానికి 2500 గంటలు శిక్షణ నడపిన యనుభవముండవలెను. పత్రమున్నంతమాత్రమున శల్యుడు కృష్ణుడు కాడు. కావున ముందొక గంట మాటలాడి, ఆయన యెక్కువ చెప్పుచున్నాడా, ఎక్కువ వినుచున్నాడా గమనింపవలెను. మునుపాయనకడకు బోయినవారి నిద్దఱిని విచారింపవలెను. ఎన్ని నెలలో, ఎంత సొమ్మో కాగితముపై నుండవలెను. ఉద్యోగమిప్పించెదను, ముందు సొమ్ము కట్టుమనువాడు మోసగాడు. నిద్ర పట్టక, తిండి సహింపక, దేనియందును మనసు నిలువని పిల్లవాని సంగతి వేఱు. వానికి గావలసినది వైద్యుడు.

సొమ్ము లేనివారికి, ఆ పనిలోనే పది పదునైదేండ్లు ముందు నడచిన పెద్ద యొకడు చాలును. ఆయన వాని పై యధికారి మాత్రము కారాదు. అధికారి యెంత మంచివాడైనను, జీతము నిర్ణయించువానికడ తన యనుమానములన్నియు విప్పిచెప్పువాడరుదు. మన యూళ్లనుండి పోయి, కొలువు చాలించుకొనిన యట్టి పెద్దలు కొందఱు కలరు. సంక్రాంతికి వారు వచ్చినపుడు మీ యరుగుమీద గూర్చుండబెట్టుడు. కాఫీ యిచ్చి, కుమారుని వారికడ విడిచి, మీరు కొంతసేపు పొలమువైపు పోయి రండు.