డిశ్చార్జ్ బుక్కులో ఉన్న పేరు మనదేనా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక మాజీ సైనికుడి ప్రసంగ పాఠం)



పొద్దున నుంచి డోలు, పెప్రె, తుడుం వింటున్నాం. నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు భాష గురించి, పోడు భూముల గురించి, కుమ్రం భీం గురించి చెప్పారు. నేను చెప్పబోయేది చిన్న విషయం. ఒక చిన్న పుస్తకంలో ఒక చిన్న అక్షరం గురించి. ఆ పుస్తకం పేరు డిశ్చార్జ్ బుక్. మన ఊళ్లలో సైన్యానికి వెళ్లి వచ్చిన ప్రతి ఇంట్లో ఇది ఉంటుంది. ట్రంకు పెట్టె అడుగున, పాలిథిన్ కవర్లో, మెడల్ పక్కన ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ విప్పి చూడరు. విప్పాల్సిన రోజు వచ్చేసరికి, విప్పాల్సిన మనిషి ఉండడు.

నేను 17 ఏళ్లు సైన్యంలో క్లర్కుగా పనిచేశాను. తుపాకీ పట్టుకున్న రోజుల కన్నా పెన్ను పట్టుకున్న రోజులే ఎక్కువ. అందుకే ఇది చెప్పే బాధ్యత నా మీద ఉందనుకుంటున్నాను.

మా కాకి సంగతితో మొదలుపెడతాను.

మా కాకా 1971 యుద్ధం అయిపోయాక సైన్యంలో చేరాడు. పింఛనుకు సరిపడా సర్వీసు చేసి ఇంటికొచ్చాడు, వ్యవసాయం చేసుకున్నాడు. నెలనెలా పింఛను పడేది. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. కర్మకాండ అయ్యాక కాకి ఆ కవరు పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. అక్కడి మనిషి కాగితాలు చూసి, "ఇందులో భార్య పేరు వేరే ఉంది. ఆమె ఎవరు?" అని అడిగాడు.

కాకి ఏం చెబుతుంది? ఆ పేరు కూడా ఆమెదే. పుట్టింట్లో చిన్నప్పుడు ముద్దుగా పిలిచిన పేరు. పెళ్లయ్యాక కాకా సెలవు నుంచి యూనిట్‌కు వెళితే, అక్కడి క్లర్కు భార్య పేరు అడిగాడు. కాకాకు నోటికొచ్చింది ఇంట్లో పిలిచే పేరే. క్లర్కు అదే రాశాడు. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు అన్నీ ఇంకో పేరుతో ఉన్నాయి. పైగా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. అంటే కాగితాల లెక్కన ఆమె వేరే మనిషి, వేరే ఇంటి మనిషి.

ఆ ఒక్క పేరు సరిచేయడానికి 19 నెలలు పట్టింది. బాకీ డబ్బు తర్వాత మొత్తం వచ్చింది, అందులో అన్యాయం ఏమీ జరగలేదు. కానీ ఆ 19 నెలల్లో కాకి ఎడ్ల జత అమ్ముకుంది, పత్తి విత్తనాలకు షావుకారు దగ్గర అప్పు చేసింది. బాకీ డబ్బు వచ్చినా ఆ ఎడ్లు తిరిగి రాలేదు. "మీ కాకా ఉన్నప్పుడు ఒక్కసారి ఆ బుక్కు చదివి వినిపిస్తే అయిపోయేది కదా బిడ్డా" అంది నాతో. ఆ మాట నాకు ఇప్పటికీ తగులుతుంది. ఎందుకంటే కాకా బతికున్నప్పుడు నేను సెలవులో వచ్చి ఆ ఇంట్లోనే అన్నం తినేవాణ్ణి. క్లర్కునై ఉండి ఆ పుస్తకం ఎప్పుడూ అడగలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను కూడా ఎందరో జవాన్ల భార్యల పేర్లు, పిల్లల పేర్లు రాశాను. ఎక్కడో మణిపురు వాడో, జార్ఖండ్ వాడో వచ్చి తన భాషలో పేరు చెబితే, నాకు వినిపించినట్టు ఇంగ్లిషులో రాసేశాను. "స్పెల్లింగ్ ఏంటి?" అని అడిగితే అతనికి తెలియదు, నాకూ ఓపిక లేదు. మన కాకాకు ఏదో ఒక క్లర్కు చేసినదే, నేను ఇంకెవరి కాకాకో చేసి ఉంటాను.

మన పేర్లలో ఈ తప్పులు ఎందుకు ఎక్కువో ఆలోచించండి. మన పేరులో మొదట ఇంటిపేరు ఉంటుంది. ఆత్రం, మడావి, సిడాం, మెస్రం, కుమ్ర. ఆ ఇంటిపేరును బట్టే మనం ఎవరికి సోదరులమో, ఎవరితో వియ్యమందవచ్చో తెలుస్తుంది. అవతలి రాష్ట్రాల పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది. భర్తీ రోజున ఫారం నింపేవాడు తన పద్ధతిలో తిప్పి రాస్తాడు. ఇక్కడ ఆత్రం జంగు, అక్కడ జంగు ఆత్రం. కుమ్ర అని ఒకచోట, కుమ్రం అని ఇంకోచోట, కుమ్రె అని మరోచోట. మడావి అనేదాన్ని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కేయండి. ఆడవాళ్ల పేరు చివర "బాయి" ఒక కాగితంలో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పుట్టిన తేదీ అయితే, ఆ రోజుల్లో బడిలో వేసిన సారు జూన్ ఒకటి అనో, జూలై ఒకటి అనో రాసేవాడు. భార్య పుట్టిన తేదీ అసలే ఉండదు.

చేతిరాత కాలంలో ఇవి నడిచిపోయాయి. మనిషిని చూసి మనిషి నమ్మేవాడు. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు "స్పర్శ్" అనే కంప్యూటర్ వ్యవస్థలోకి వచ్చాయి. ఏటా బతికే ఉన్నానని చూపే గుర్తింపు కూడా అందులోనే. కంప్యూటరుకు మన ముఖం తెలియదు, అక్షరమే తెలుసు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటి పని, కాగితాలన్నీ ఒక చాప మీద పరచండి. డిశ్చార్జ్ బుక్, పింఛను ఆర్డర్ అంటే పీపీఓ, మీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, మీ భార్య ఆధార్, పిల్లల బడి సర్టిఫికెట్లు. చదువుకున్న పిల్లను పిలిచి ఒక్కో అక్షరం చదివించండి. మీ పేరు, మీ పుట్టిన తేదీ, భార్య పేరు, భార్య పుట్టిన తేదీ, పిల్లల పేర్లు. ఎక్కడ తేడా ఉందో ఒక కాగితం మీద రాయండి.

రెండో పని, ఏది మార్చాలో తేల్చుకోండి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. తప్పు కనబడగానే సైన్యం రికార్డు మార్చాలని పరుగెత్తకండి. మీ సొంత పేరు, సొంత పుట్టిన తేదీ విషయంలో సైన్యం భర్తీ రోజున రాసుకున్నదాన్నే పట్టుకుంటుంది. పుట్టిన తేదీ అయితే మరీ కష్టం. సర్వీసు చివర్లోనో, దిగిపోయాకో పుట్టిన తేదీ మార్చమంటే కోర్టులు కూడా చాలాసార్లు ఒప్పుకోలేదు. మన పక్క మండలంలో ఒకాయన దీని కోసం వకీలుకు డబ్బు పోసి, చివరికి ఖాళీ చేతులతో వచ్చాడు. అలాంటప్పుడు ఆధార్‌నే సైన్యం రికార్డుకు తగ్గట్టు మార్చుకోవడం తేలిక. మన కుర్రాడు ఒకడికి ఇంటిపేరు వెనకా ముందూ అయింది. ఆధార్ మార్చుకున్నాడు, కొన్ని వారాల్లో పని అయిపోయింది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. తొందరపడి వాడేసుకోకండి.

భార్య పేరు తప్పుంటే, లేదా అసలు లేకపోతే, అప్పుడు సైన్యం రికార్డే సరిచేయించాలి. పెళ్లి, పిల్లల పుట్టుక రికార్డుకు ఎక్కకపోతే సైన్యం దృష్టిలో అవి జరగనట్టే.

మూడో పని, ఎవరికి రాయాలో తెలుసుకోండి. కొందరు నాగోబా జాతర దర్బారులో కలెక్టరు గారికి అర్జీ ఇస్తారు. దర్బారు మనకు గౌరవమే, కానీ ఈ పని కలెక్టరు చేతిలో లేదు. మీ రెజిమెంటు రికార్డ్ ఆఫీసు చేతిలో ఉంది. మద్రాస్ రెజిమెంటు వాళ్లకు నీలగిరిలోని వెల్లింగ్టన్, ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్ క్యాంపు, ఈఎంఈ వాళ్లకు సికింద్రాబాద్, సిగ్నల్స్ వాళ్లకు జబల్పూర్, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు. నేవీ వాళ్లకు ముంబై, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ. దిగిపోయాక మళ్లీ డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరినవాళ్లకు కేరళలోని కన్నూరులో ఇంకో రికార్డు ఉంటుంది. వాళ్లు రెండు చోట్లా సరిచేయించుకోవాలి. ఈ మాట చాలామందికి తెలియదు.

నాలుగో పని, అర్జీ. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. వాళ్ల ద్వారా వెళ్లిన అర్జీకి బరువుంటుంది. అర్జీలో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, దిగిపోయిన తేదీ, రికార్డులో ఏముంది, ఏం ఉండాలి అని నాలుగు ముక్కల్లో రాయండి. కథ వద్దు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర చేసిన అఫిడవిట్, భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో, డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఆధార్, పాన్, పాస్‌బుక్ నకళ్లు పెట్టండి. పేరు మొత్తంగా మారితే పేపర్లో ప్రకటన కూడా అడుగుతారు. ఏది కావాలో సైనిక కార్యాలయంలో ముందే అడిగి రాయించుకోండి.

పెళ్లి రుజువు దగ్గర మనవాళ్లు ఆగిపోతారు. మన పెళ్లి దేవారి ముందు, నాలుగు ఊళ్ల పెద్దల ముందు జరుగుతుంది, కాగితం ఉండదు. పంచాయతీలో పెళ్లి నమోదు చేయించండి. పటేల్, సర్పంచ్ రాసిచ్చిన ఉత్తరాలు తోడు పెట్టండి. పటేళ్లందరికీ నా మనవి, మాజీ సైనికుడి కుటుంబం అడిగితే ఆ ఉత్తరం ఆలస్యం చేయకుండా ఇవ్వండి.

స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అసలు డిశ్చార్జ్ బుక్ వాళ్లు అడిగితేనే పంపండి. పంపే ముందు ప్రతి పేజీ జిరాక్సు తీయండి, ఖాళీ పేజీ కూడా. "నేను చేయిస్తా" అని వచ్చే బ్రోకరు చేతిలో అసలు కాగితం పెట్టకండి.

ఐదో పని, చివరిదాకా వెంటపడండి. రికార్డ్ ఆఫీసు మార్పు ఒప్పుకుంటే పార్ట్ టూ ఆర్డర్ అని ఒకటి తీస్తుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు, కాలేదు. ఆర్మీ వాళ్లకైతే ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయం నుంచి సవరించిన పీపీఓ రావాలి. కొరిజెండం పీపీఓ అంటారు. అది చేతికొచ్చి, స్పర్శ్‌లో కూడా కొత్త పేరు కనిపించాకే పని అయినట్టు.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో నా అర్జీ ఏమైందని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కాదని రాసిచ్చి, అది అన్యాయమనిపిస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకు చెన్నై బెంచి. అక్కడిదాకా వెళ్లాల్సిన అవసరం చాలామందికి రాదు.

పింఛను లేకుండా, 15 ఏళ్లు నిండకముందే వచ్చేసినవాళ్లకు ఒక హెచ్చరిక. అలాంటివాళ్ల సర్వీసు కాగితాలను రికార్డ్ ఆఫీసులు 25 ఏళ్ల వరకే ఉంచి తర్వాత తీసేస్తాయి. ఆ తర్వాత మీ దగ్గరున్న డిశ్చార్జ్ బుక్కే మీకు సాక్షి. చెదలు పట్టనివ్వకండి.

ఇదంతా ఎంత డబ్బు కోసం అని ఎవరైనా అడగొచ్చు. మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. 2016 నుంచి తక్కువలో తక్కువ నెలకు 9,000 రూపాయలు, దాని మీద డీఏ. పట్నంలో అది చిన్న మొత్తం కావచ్చు. మన ఊళ్లో ఒక ముసలి తల్లి కొడుకు ముందు చేయి చాపకుండా బతకడానికి సరిపోతుంది.

సంఘానికి నాదొక ప్రతిపాదన. దండారి రోజుల్లో మనవాళ్లంతా ఊళ్లకు వస్తారు. గుస్సాడి ఆడే చోటికి కొంచెం దూరంలో ఒక టేబుల్, రెండు కుర్చీలు వేయండి. నేను కూర్చుంటాను. చదువుకున్న పిల్లలు ఇద్దరు తోడుంటే చాలు. ప్రతి మాజీ సైనికుడూ భార్యతో కలిసి, ఆ కవరు తీసుకుని రావాలి. ఆయన ఒక్కడే వస్తే వెనక్కి పంపిస్తాను. ఆ పుస్తకం అవసరం పడేది ఆయనకు కాదు, ఆమెకు. అందులో తన పేరు ఎలా ఉందో ఆమె చెవితో వినాలి.

మా కాకి ఇప్పుడు లేదు. పోయేదాకా ఆ పింఛను తీసుకుంది. సవరించిన ఆర్డరు వచ్చిన రోజు, చదవడం రాకపోయినా, తన పేరు ఎక్కడుందో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాల మీద తనూ వేలు పెట్టి, "ఇది నేనేనా?" అంది. నువ్వే కాకీ అన్నాను.

ఇంటికెళ్లాక ట్రంకు పెట్టె తెరవండి. రేపు కాదు, ఇవాళే.