ఆఖరి గుంతల్లో పోయే లెక్క

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చెల్పూర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ వంటి రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఈ రోజున డి.ఎ. గురించి, బకాయిల గురించి మాట్లాడే పెద్దలు చాలామంది ఉన్నారు. కార్యవర్గం వారు నన్ను మాత్రం ఆటలు, ఆరోగ్యం అనే విషయంపై మాట్లాడమన్నారు. నేను గోల్ఫ్ ఆటను ఎంచుకున్నాను.

చెల్పూర్‌లో గోల్ఫ్ ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వదగిన మాటే. మన దగ్గర పత్తి చేలున్నాయి, మిరప తోటలున్నాయి, కరెంటు ప్లాంటు పొగగొట్టాలున్నాయి. గోల్ఫ్ మైదానం చూడాలంటే హైదరాబాదు వెళ్లి గోల్కొండ కోట పక్కన నయాఖిల్లా దాకా పోవాలి. నేను ఆ కర్ర ఎన్నడూ పట్టలేదు, టీవీలో చూసి తెలుసుకున్నదే. అయినా ఈ ఆటలోని లెక్క జీవితమంతా రిజిస్టర్లు రాసిన మనబోటి వారికి తేలికగా పట్టుబడుతుంది.

ఆట క్లుప్తంగా ఇది. మైదానంలో 18 గుంతలుంటాయి. ఒక్కొక్క గుంతలో బంతిని ఎన్ని దెబ్బలకు వేయాలో ముందే ఒక అంకె నిర్ణయిస్తారు. దానిని పార్ అంటారు. మన భాషలో చెప్పాలంటే కేటాయింపు. మొత్తం 18కి కలిపి సాధారణంగా 70 నుంచి 72. కేటాయింపుకు లోపల ముగిస్తే మిగులు, దాటితే లోటు. అందరికంటె తక్కువ ఖర్చు చేసినవాడు విజేత. పెద్ద పోటీలు నాలుగు రోజులు సాగుతాయి.

ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. 250 గజాలు పోయేలా కొట్టిన దెబ్బకు లెక్క ఒకటే, గుంతకు మూడడుగుల దూరం నుంచి మెల్లగా నెట్టిన దెబ్బకూ లెక్క ఒకటే. కనుక బలం తగ్గినచోట మాత్రమే కాదు, శ్రద్ధ తగ్గినచోట కూడా లోటు పడుతుంది.

చూడడానికి ఇది తీరుబాటు ఆటలా ఉంటుంది. కాని 18 గుంతలు తిరిగేసరికి ఎనిమిది పది కిలోమీటర్ల నడక, నాలుగైదు గంటల కాలం అవుతుంది. కర్ర ఎత్తి కొట్టడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ కాస్త సమయంలో కాళ్లు, నడుము, భుజాలు, చేతులు ఒకదాని వెంట ఒకటి వరుసగా కదలాలి. అలసట ముందుగా కాళ్లకు వస్తుంది. కాళ్లు పని మానేస్తే ఆ పని చేతులు చేయబోతాయి, వరుస తప్పుతుంది. కర్ర ముఖం కొద్దిగా తిరిగినా చాలు, బంతి చెట్లలోకో ఇసుకలోకో పోతుంది. ఆ తరువాత తలకు అలసట వస్తుంది. దూరం అంచనా తప్పుతుంది, జాగ్రత్తగా పోవలసిన చోట తెగింపు చేయాలనిపిస్తుంది. ఒంట్లో నీరు కొద్దిగా తగ్గినా దెబ్బ దూరం, గురి, అంచనా మూడూ దెబ్బతింటాయని ఆటగాళ్లపై చేసిన పరిశీలనలో తేలింది.

1964లో అమెరికా ఓపెన్ పోటీ వాషింగ్టన్ దగ్గరి కంగ్రెషనల్ మైదానంలో జరిగింది. ఆ రోజులలో ఆఖరి రోజున ఒకే దినం 36 గుంతలు ఆడవలసి ఉండేది. ఎండ మండిపోతున్నది. కెన్ వెంచూరి అనే ఆటగాడు ఉదయం మొదటి తొమ్మిది గుంతలు 30 దెబ్బలకే ముగించాడు. ఆ తరువాత వడదెబ్బ తగిలింది. ఉదయపు ఆటలో 17, 18 గుంతల దగ్గర చిన్న చిన్న దెబ్బలు తప్పిపోయాయి. మధ్యాహ్నం ఆడితే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు హెచ్చరించాడు. వెంచూరి వినలేదు. డాక్టరు వెంట నడిచాడు, ఉప్పు మాత్రలు, చల్లటి టీ ఇస్తూ వచ్చారు. అతడు గెలిచాడు. ఆ గెలుపును చరిత్ర మెచ్చుకున్నది. కాని నిర్వాహకులు మరుసటి ఏడు, 1965 నుంచి, పోటీని నాలుగు రోజులకు మార్చారు. ఒకడు బతికి గెలిచాడు కదా అని పద్ధతి మంచిదని వారు అనుకోలేదు. ఇందులో మనం నేర్చుకోవలసింది వెంచూరి మొండితనం కాదు, నిర్వాహకుల వివేకం. బి.పి. ఉన్నవారు ఉప్పు మాత్రల సంగతి ఇంట్లో ప్రయోగించవద్దని మనవి.

ఇక సన్నాహం సంగతి. నియమం ప్రకారం ఆటగాడి సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదు. 2001లో బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రోజున ఇయాన్ వూస్నమ్ మొదటి గుంతను 2 దెబ్బలకే ముగించి అగ్రస్థానంలో ఉన్నవారితో సమానమయ్యాడు. రెండో గుంత దగ్గరికి పోయేసరికి సంచిలో 15 కర్రలున్నట్టు తేలింది. సాధన కోసం తెచ్చిన అదనపు కర్రను మోసే సహాయకుడు తీసివేయడం మరిచాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. 2 కాస్తా 4 అయింది. చివరికి మూడో స్థానాన్ని కొందరితో పంచుకున్నాడు. ఆట మొదలుకాక ముందు సంచి లెక్కపెట్టడానికి అర నిమిషం చాలు.

గుమాస్తాలకు బాగా తగిలే ఉదంతం 1968 మాస్టర్స్ పోటీది. అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో ఆఖరి రోజున 65 దెబ్బలు ఆడాడు. ఈ ఆటలో ఒకరి లెక్క తోటి ఆటగాడు రాస్తాడు, ఆడినవాడు సరిచూసి సంతకం చేయాలి. 17వ గుంతలో అతడు ఆడింది 3, తోటివాడు రాసింది 4. నాలుగు రోజుల ఒత్తిడి తరువాత అతడు సరిచూడకుండానే సంతకం పెట్టాడు. సంతకం చేసిన అంకె ఎక్కువైతే అదే ఖాయమని నియమం. 65 కాస్తా 66 అయింది. ఆ ఒక్క అంకెతో, బాబ్ గోల్బీతో సమానంగా నిలిచి మళ్లీ ఆడే అవకాశం పోయింది. సరిచూడకుండా సంతకం పెట్టరాదని మనం జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజే విన్నాం.

మన దేశంలో ఈ ఆటకు పేరు తెచ్చిన అమ్మాయి బెంగళూరుకు చెందిన అదితి అశోక్. 2016 రియో ఒలింపిక్స్ నాటికి ఆమెకు 18 ఏళ్లు. మొదటి రెండు రోజులు 68, 68. తరువాతి రెండు రోజులు 79, 76. చివరికి 41వ స్థానం. అలసట ఒక్కటే కారణమని నేను అనను. కాని రెండు రోజుల శక్తి వేరు, నాలుగు రోజుల శక్తి వేరు అని ఆ అంకెలు చూస్తే తెలుస్తుంది. 2021లో టోక్యోకు పోయే ముందు ఆమెకు కరోనా వచ్చింది. నీరసం మిగిలింది, దెబ్బకు మునుపటి దూరం లేదు. అయితే తన బలం ఎంత ఉన్నదో తెలుసుకొని ఆడింది. దూరంలో పోయినదానిని గుంత దగ్గరి చిన్న దెబ్బల్లో రాబట్టింది. తల్లి సంచి మోసింది. 67, 66, 68, 68. ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయి నాలుగో స్థానం వచ్చింది. నాకు ఆ నాలుగో స్థానం చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మన తెలుగువారిలో సాహిత్ తీగల ఉన్నాడు. తల్లిదండ్రులు అమెరికా వెళ్లి స్థిరపడ్డ తెలుగువారు, అతడు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. 2022 జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుకలో పడింది. మొదటి ప్రయత్నంలో బయటికి రాలేదు. కేటాయింపు కంటె రెండు ఎక్కువై పోటీ చేజారింది. మరుసటి ఏడు, 2023 సెప్టెంబరులో, నాపాలో ఫోర్టినెట్ పోటీని కేటాయింపుకు 21 తక్కువతో, రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. 2025లో మెడ గాయం వల్ల కొన్ని పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఒళ్లు ఆగమన్నప్పుడు ఆగడం కూడా ఆటలో భాగమే.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మన ఇళ్లలో ఆట ఆడేవారు తక్కువే గాని పరీక్ష రాసేవారు, పరుగు తీసేవారు, రాత్రి డ్యూటీ చేసేవారు ఎక్కువ. 2022 పోలీసు ఉద్యోగాల ఎంపికలో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగు పెట్టారు. నెలల తరబడి సాధన చేసిన పిల్లవాడు ముందురోజు రాత్రి బస్సులో నిద్రలేక, పొద్దున ఏమీ తినక గ్రౌండుకు చేరితే చివరి నూరు మీటర్లలో ఆ సాధన ఎక్కడికి పోతుంది? మనుమడు తెల్లవారి పరీక్ష పెట్టుకొని మూడింటి దాకా చదువుతుంటే మనం మెచ్చుకొని టీ కలిపి ఇస్తాం. దీపం ఆర్పి పడుకోబెట్టడమే అసలైన సహాయం. హాల్ టికెట్టు, పెన్నులు, బస్సు వేళ రాత్రే చూసిపెట్టాలి. అవే అతని పద్నాలుగు కర్రలు.

ప్లాంటులోను, గనిలోను రాత్రి షిఫ్టు దిగి పరకాల రోడ్డున బండిమీద ఇంటికి వచ్చే కొడుకులు, అల్లుళ్లు మనలో చాలామందికి ఉన్నారు. గోల్ఫ్‌లో కునుకుపాటుకు ఒక దెబ్బ పోతుంది. రోడ్డు మీద పోయేది దెబ్బ కాదు, మనిషి. వాళ్లు ఆలస్యంగా వచ్చినా పరవాలేదు, ఒక అరగంట కునుకు తీసి బయలుదేరమని ఇంటివాళ్లు గట్టిగా చెప్పాలి. పొద్దున్నే ఫలానా పనికి తొందరగా రమ్మని ఫోను చేసేది చాలాసార్లు మనమే కదా.

మన సంగతి కూడా అంతే. లైఫ్ సర్టిఫికెట్టుకు పోయే రోజున పి.పి.ఓ. నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకం రాత్రే సంచిలో పెట్టుకోండి. ఎండ ముదరక ముందే బయలుదేరండి. నీళ్ల సీసా మరువకండి. వరుసలో నిలబడి కాళ్లు లాగితే కూర్చోండి, అందులో చిన్నతనం లేదు. ఏ కాగితమైనా సరిచూసిన తరువాతే సంతకం చేయండి.

ఆఖరి గుంతలో పోయిన అంకెను అందరూ చూస్తారు. అది ఎక్కువసార్లు ముందురోజు రాత్రి తగ్గిన నిద్రలోనో, పొద్దున చూడని సంచిలోనో మొదలవుతుంది. అక్కడ జాగ్రత్తపడడానికి బలం అక్కరలేదు, వయసు అడ్డం రాదు.

 భోజనాలు సిద్ధమైనాయని కబురు వచ్చింది. ముందు పెద్దవారిని కూర్చోనివ్వండి.