బెల్లు మోగింది, మాట చేరలేదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా టెలిఫోను ఎక్స్ఛేంజీలోనే గడిపినవాణ్ణి. అలాంటి నాకే ఒకరోజు ఇంటర్నెట్ ఫోనులో మా అమ్మాయి మాట వినిపించింది గాని, నా మాట ఆమెకు చేరలేదు. "నాన్నా, పలకవేం?" అని అది కంగారుపడింది. తీరా విచారిస్తే తప్పు నా గొంతుది కాదు, అడ్రసుది.

పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు 32 బిట్లవి. మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలవని గ్రహించి, ఒకే బయటి అడ్రసును పలు యంత్రాలు పంచుకునే పద్ధతిని 1994లో ప్రతిపాదించారు. దాని పేరు నాట్. మన భాషలో చెప్పాలంటే ఆఫీసు పి.బి.ఎక్స్. వంటిది. ఎక్స్‌టెన్షన్ నుంచి బయటికి ఫోను చేయవచ్చు. బయటివారు నేరుగా ఎక్స్‌టెన్షన్‌కు చేయలేరు. సర్వరు ద్వారా వచ్చే బెల్లు మోగుతుంది. నేరుగా పోవలసిన మాట మాత్రం, అవతలి ఫోను తన లోపలి అడ్రసే చెప్పడంతో, దారి తప్పుతుంది.

దీనికి మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది స్టన్, 2003 నాటిది. "నేను నీకు ఏ నంబరుతో కనబడుతున్నాను?" అని ఫోను బయటి సర్వరును అడిగి, ఆ నంబరును అవతలికి చెబుతుంది. ఖర్చు తక్కువ. అయితే కొన్ని రౌటర్లు ఒక్కొక్క గమ్యానికి ఒక్కొక్క నంబరు వాడతాయి. అక్కడ ఇది సాధారణంగా పనికిరాదు.

రెండవది టర్న్. ఇది మన ట్రంకు ఆపరేటరే! ఇరువైపుల మాటా మధ్య సర్వరు గుండా పోతుంది. దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. కాని సర్వరు ఖర్చు ఎక్కువ, చుట్టుదారి వల్ల ఆలస్యమూ ఉంటుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకండ్లు మించకుండా ఉంటే మేలని ఐ.టి.యు. సిఫార్సు.

మూడవది ఐస్. ఇది లోపలి అడ్రసును, స్టన్ చెప్పినదాన్ని, టర్న్ ఇచ్చినదాన్ని వరసగా పరీక్షించి, వీలైతే నేరుదారినే ఎంచుకుంటుంది. వీలుకాకపోతేనే ఆపరేటరును పిలుస్తుంది. టర్న్, ఐస్ రెండూ 2010లో ప్రమాణాలుగా వెలువడ్డాయి. నా ఓటు మూడవదానికే.

అయితే ఆపరేటరును తక్కువ చేయకండి. నేరుదారిలో మన అడ్రసు అవతలివారికి తెలిసిపోతుంది. అందుకే 2023లో వాట్సాప్, కోరినవారి కాల్స్ అన్నీ తన సర్వరు ద్వారానే పంపే సదుపాయం తెచ్చింది. నాణ్యత కొంత తగ్గవచ్చు. మాటలు మాత్రం గుప్తంగానే పోతాయి, మధ్యనున్నవారు వినలేరు.

కనుక మిత్రులారా, మాట వినబడనప్పుడు వయసును తిట్టుకోకండి, పిల్లలు పట్టించుకోలేదనుకోకండి. ముందు మైకు చూసుకోండి. ఆపైన వైఫై మాని మొబైల్ డేటాతో మళ్ళీ చేయండి. మరో దారి దొరకవచ్చు.