బందరు కోట

విజయవాడలో బందరు రోడ్డు ఎరుగనివారు లేరు. బందరు కాలువ మన పొలములకు నీరిచ్చుచున్నది. పారసీక భాషలో బందరు అనగా ఓడరేవు. మచిలీపట్నమను చక్కని పేరున్నను, నేటికిని మనమా ఊరిని రేవు అనియే పిలుచుచున్నాము. ఆ పిలుపులో దాని పూర్వవైభవమంతయు ఇమిడియున్నది.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున అది వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు. మన అద్దకపు బట్టలు అక్కడనుండియే ఓడలెక్కి పారసీక దేశమునకు పోయెడివి. 17వ శతాబ్ది తొలి యేండ్లలో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును ఈ వర్తకమున కాశపడియే వచ్చి అచట స్థిరపడినారు.

కోట పట్టణమునకు ఆగ్నేయముగా సుమారు మూడు కిలోమీటర్ల దూరమున నున్నది. కొండపల్లి కోటవలె కొండ నెక్కి చూడవలసినది కాదు. చుట్టును ఉప్పునేల, చిత్తడి. ఆ బురదయే దానికి బలము. 1750లో ఫ్రెంచివారి చేతికి చిక్కిన ఈ రేవును 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డు సేనలు ముట్టడించినవి. దాటశక్యము కాదనుకొన్న ఆ బురదలోనికే ఒక దళము దిగి నడచినది. తెల్లవారుసరికి కోట ఇంగ్లీషువారి వశమైనది.

నేడక్కడ మిగిలినవి ఆయుధశాల, గంటగోపురము, కొన్ని మొండిగోడలు. ఇంత పాడుపడుటకు ఫిరంగులొక్కటియే కారణము కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో సముద్రము పొంగి ఊరిపై బడినది. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ పిమ్మట సైన్యము కూడ కోటను విడిచిపోయినది.

పట్టణములోని డచ్చివారి శ్మశానమును కూడ తప్పక చూడవలెను. అచటి రాళ్లపై వంశచిహ్నములు, పేర్లు, తేదీలు చక్కగా చెక్కియున్నవి. ఎక్కడినుండియో వచ్చిన వర్తకుల పేర్లు మనమిప్పటికిని చదువగలము. ఆ ఒక్కరాత్రి కొట్టుకొనిపోయిన మనవారిలో ఎక్కువమందికి పేరు చెక్కిన రాయి లేదు.

విజయవాడనుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. బస్సులును, రైళ్లును కలవు. చలికాలమున ఉదయమే బయలుదేరినచో కోటను, శ్మశానమును చూచి, దారిలోని పెడనలో అద్దకము పనిని చూచి, సాయంకాలమునకు మంగినపూడి తీరము చేరవచ్చును. తిరిగి వచ్చునపుడు బందరు లడ్డు తెచ్చుకొనుట మరువరాదు. పిల్లలను తప్పక వెంట తీసికొని వెళ్లుడు. ఆ గోడలపై వారి పేర్లు మాత్రము వ్రాయనీయకుడు.

మరియొక్క మాట. 1864లో ఆ ఊరివారికి ముందుగా చెప్పు సాధనము లేదు. 1977 నవంబరు 19న దివిసీమలోను సముద్రము అట్లే పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. నేడు తుఫాను హెచ్చరిక మన ఇంటిలోని రేడియోలోనే వినవచ్చుచున్నది. అది విన్నపుడు, ఎన్నిసార్లు వినలేదని త్రోసిపుచ్చక, తీరమున నున్న బంధువులకు వెంటనే కబురంపుడు.