విద్యయే స్త్రీధనము: క్లారా షూమన్ చరిత్రము



కూఁతురికి విద్య యెందుల కని యడుగువారికి జర్మనీదేశపు పియానో విదుషి క్లారా షూమన్ జీవితమే సమాధానము. ఆమె 1819లో లైప్జిగు నగరమున జన్మించెను. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ స్వయముగా నేర్పి, తొమ్మిదవయేటనే సభ కెక్కించెను. స్వరకర్త రాబర్టు షూమన్‌తో వివాహమునకు ఆ తండ్రియే అడ్డుపడఁగా, ఆమె న్యాయస్థానమువారి యనుమతితో 1840లో అతనినే పెండ్లాడెను.

1854లో భర్త మనోవ్యాధిచేఁ జికిత్సాలయము చేరి, 1856లో మరణించెను. ఏడుగురు బిడ్డల భారము ఆమెపైఁ బడెను. సహాయార్థము కచేరీ జరిపింతు మని తోడివిద్వాంసులు ముందునకు వచ్చినను, ఆమె యంగీకరింపలేదు. తన వ్రేళ్ళనే నమ్ముకొని ఇంగ్లండు, రష్యా మొదలగు దేశములలో కచేరీలు చేసి, సంసారమును బోషించెను. భర్త రచనలను లోకమునకు వినిపించెను. స్వరపుస్తకము ముందుంచుకొని వాయించుటయే వాడుకయైన ఆ కాలమున ఆమె ధారణబలముననే వాయించెడిది.

1878లో ఫ్రాంక్‌ఫర్టునందలి హోఖ్ సంగీతవిద్యాలయమునఁ జేరి, 1892 వఱకు బోధించెను. ఇంగ్లండునుండి సైతము శిష్యులు వచ్చిరి. హస్తవేగముకంటె నాదశుద్ధియు, స్వరకర్త హృదయమును ముఖ్యములని యామె బోధ. 1896లో కీర్తిశేషురా లయ్యెను.

తండ్రి యాగ్రహించినను, భర్త గతించినను, నేర్చిన విద్య యామెను వీడలేదు. ఇట్టి ధనమును బాలికల కొసంగుట కన్నవారి ధర్మము.