తోట మందు తిన్న కుక్క
(గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుగాంచినవి. వానిలో పెక్కు నేడు ఇండ్ల స్థలములైనవి. మిగిలినచోట కూరగాయలు, పూలు పండుచున్నవి. క్రొత్త ఇండ్లవారును పెరటిలో గులాబీలు పెంచుకొనుచున్నారు. తోట పెద్దదైనను చిన్నదైనను ఎరువు, పురుగుమందు, కాపలాకుక్క మూడును ఒక్క కొట్టమునకే చేరును. చిక్కు అక్కడనే యున్నది.

ఆముదపు పిండి మనకు ఎరువు, కుక్కకు పిండివంట. ఎముకల పొడి కలిపినచో మరింత ఆశతో తినును. నూనె తీసిన పిమ్మటకూడ ఆ పిండిలో రైసిన్ అను విషము మిగిలియుండును. వెంటనే ఏమియు కానరాదు. కొన్ని గంటలకో, మరునాటికో వాంతులు, రక్తవిరేచనములు మొదలగును. కావున “తిన్నది, హాయిగానే తిరుగుచున్నది” అని ఊరకుండరాదు. ఎలుకల మందైన బ్రోమాడియోలోన్ మరియు నిదానము. అది రక్తము గడ్డకట్టు గుణమును చెరచును. కొలది దినములకుగాని చిగుళ్ళ రక్తము, నల్లని విరేచనము కనబడవు. దీనికి కె1 విటమిను విరుగుడు. వైద్యుని సలహాపై వారములకొలది ఇయ్యవలసియుండును.

జింకు ఫాస్ఫైడ్ అట్లుకాదు. ఎలుకలకని తినుబండారములో కలిపి పెట్టిన ఆ నల్లని పొడి, కడుపులోని ఆమ్లముతో చేరి ఫాస్ఫీన్ వాయువగును. అన్నము, పాలు పెట్టినచో ఆమ్లము ఊరి, కీడు హెచ్చును. కుక్క కక్కునపుడు వెలువడు వాయువు మనకును ప్రమాదమే. దానిని ఆరుబయటనే ఉంచి, మీరు గాలివచ్చు వైపున నిలువుడు.

క్లోరిపైరిఫాస్ వంటి పురుగుమందులు తిన్నచో నోట చొంగ, కన్నీరు, కండరముల అదురు, ఊపిరాడమి కలుగును. వైద్యులు అట్రోపిన్ సూదిమందు ఇత్తురు. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. అయినను పాత సంచి యేదైన అటకపై నున్నదేమో చూచుకొనుడు.

“వైద్యుడు చూచులోగా చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మిగిలిన మందును కుక్కకు అందకుండ తీసివేయుడు. మందు ఒంటిపై పడినచో, చేతులకు తొడుగులు వేసికొని సబ్బునీటితో కడుగుడు. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో గుర్తుంచుకొనుడు. 1962 సంఖ్యకు ఫోను చేయుడు, లేదా సమీప పశువైద్యశాలకు కొనిపొండు. డబ్బాను, దానితో వచ్చిన కాగితమును మరువకుడు; విరుగుడు పేరు అందు అచ్చై యుండును. డబ్బాపై ఎర్ర త్రికోణమున్నచో అది మిక్కిలి తీవ్రమైన విషము. పొరుగువాడు పెట్టిన మందైనను, మీరే పెట్టినదైనను వైద్యునికి దాచకుడు. తగవు రేపు తీర్చుకొనవచ్చును.

మన ఊళ్ళలో ఉప్పునీరు, నూనె, చింతపండు పులుసు పట్టించువారు కలరు. వారి ఆదుర్దా మంచిదేకాని పని చెడ్డది. ఉప్పే మితిమీరిన విషమగును. కొన్ని విషములు నూనెతో త్వరగా ఒంటబట్టును. స్పృహ తప్పిన కుక్క నోట ఏది పోసినను ఊపిరితిత్తులలోనికి పోవును. వాంతి చేయింపవలెనో వలదో వైద్యుడే చెప్పవలెను.

“కుక్కకింత హంగామాయా?” అను పెద్దలు కొందరుందురు. కుక్క మూతి చేరిన సంచికి పసిబిడ్డ చేయియు చేరును. కనుక మందులకు తాళమున్న పెట్టె, అది ఎత్తున, వంటింటికి దూరముగా ఉండవలెను. ఖాళీ డబ్బాను కుక్కకు నీళ్ళుపోయుటకు వాడువారిని చూచుచున్నాము. ఎన్నిమార్లు కడిగినను అది నీళ్ళ పాత్ర కాజాలదు. దానికి చిల్లులు పొడిచి, నలుగగొట్టి, మరెవ్వరును వాడుకొనకుండ చేయుడు.