సైనికుని పింఛను – ఇల్లాలి లెక్క



సైన్యంలో జవాను చాలామందికంటే ముందే రిటైరవుతాడు. నలభై దాటీ దాటకముందే ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లలింకా బళ్ళోనే ఉంటారు. అందుకే ఆయన సంతకం పెట్టే పింఛను కాగితాలు ఇల్లాలు కూడా చదవాలి.

లెక్క కష్టమేమీ కాదు. జవానుకు పదిహేనేళ్ళ సర్వీసు ఉంటే పింఛను వస్తుంది. ఆఖరి జీతంలో, అంటే మూలవేతనం, మిలిటరీ సర్వీసు పే వగైరా కలిపిన దాంట్లో సగం పింఛను. ఆ మొత్తం 50,000 అనుకోండి, పింఛను 25,000. దానిమీద కరువు భృతి వేరే. 2014 జూలై నుంచి అమలైన 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' వల్ల, ఒకే హోదాలో ఒకే సర్వీసు చేసినవారి పింఛన్లను అయిదేళ్ళకోసారి సరిచేస్తారు.

ఇక అసలు ఆలోచించవలసింది కమ్యుటేషన్. పింఛనులో సగం వరకూ ముందుగానే ఒక్క మొత్తంగా తీసుకోవచ్చు. నలభై ఏళ్ళ వయసులో గుణకం సుమారు తొమ్మిది. పై లెక్కలో 12,500ను పన్నెండుతో, మళ్ళీ తొమ్మిదితో హెచ్చించండి: 13,50,000 చేతికొస్తుంది. బదులుగా పదిహేనేళ్ళపాటు నెలకు 12,500 తగ్గుతుంది. మొత్తం 22,50,000! ఆ తర్వాత పూర్తి పింఛను మళ్ళీ మొదలవుతుంది. కరువు భృతి మాత్రం మొదటినుంచీ పూర్తి 25,000 మీదే ఇస్తారు.

అయితే ఇది లాభమా, నష్టమా? ఇంచుమించు ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టన్నమాట. ఇంటిమీద నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పుంటే, అది ఏడాదికి ఇరవై నాలుగు శాతం. అది తీర్చడానికైతే తీసుకోవడమే మేలు. పెళ్ళి ఆర్భాటానికో, అంతకంటే తక్కువ వడ్డీ వచ్చే డిపాజిట్టుకో అయితే వద్దు. సగమే తీసుకోవాలని లేదు. అవసరమైనంతే తీసుకోవచ్చు, అసలు మానేయవచ్చు కూడా.

మరో మాట. చెప్పుకోవడానికి మనసొప్పదు గానీ చెప్పుకోవాలి. భర్త పోతే భార్యకు కుటుంబ పింఛను మామూలుగా ఆఖరి జీతంలో ముప్ఫై శాతం. మన లెక్కలో 15,000. రిటైరయ్యాక పోతే, మొదటి ఏడేళ్ళు, లేదా ఆయనకు అరవై ఏడేళ్ళు నిండవలసిన తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు, యాభై శాతం ఇస్తారు. కమ్యుటేషన్ తీసుకున్నారని అందులో ఏమీ కోయరు.

అది రావాలంటే రికార్డులో మీ పేరు సరిగా ఉండాలి. మన ఆడవాళ్ళకు ఇంటిపేరు పెళ్ళితో మారుతుంది. ఆధార్‌లో ఒకటి, సర్వీసు కాగితాల్లో ఒకటి ఉంటే ఆ కష్టకాలంలో తిరగవలసింది మీరే. పేరు, పుట్టిన తేదీ ఇప్పుడే సరిచూసుకోండి. పింఛను ఖాతా ఇద్దరి పేరా ఉంచండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరవకండి. సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

దేశాన్ని కాచినవారి కాగితాలను కాస్త మనం కాద్దాం. సెలవు.